గర్జించని శక్తికి సంజాయిషీ నోటీసు

మహిమ పుట్టాక దాని వెనకాల పరిగెత్తడం దండగని ఆ ఏడాది ప్రభుత్వానికి తట్టింది. ఊరికే తట్టలేదు లెండి, మూడు సదస్సులూ రెండు విదేశీ యాత్రలూ ఒక పెద్ద విందూ అయ్యాక తట్టింది. ఎక్కడో ఒక రాయి చెమర్చిందంటారు. వారం తిరిగేసరికి దాని చుట్టూ టీకొట్లు, బొమ్మల దుకాణాలు, చెప్పులు కాపలా కాసేవాళ్ళు పుట్టుకొస్తారు. ప్రభుత్వం జీపేసుకుని వెళ్ళేసరికి అక్కడ రాయి తప్ప ఏమీ మిగలదు. కాబట్టి మహిమ ఎక్కడ పుట్టబోతోందో ముందే కనిపెట్టి, ఆ చోటుకి కంచె కట్టి, బోర్డు పెట్టి, అది వచ్చేదాకా కాచుకుని కూర్చోవాలని విధానం తయారైంది. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అని మనవాళ్ళు వెక్కిరింపుకన్నారు. ప్రభుత్వం దాన్ని ప్రణాళిక కింద తీసుకుంది.

అలా 'ముందస్తు మార్మిక స్థలాల గుర్తింపు, పరిరక్షణ సంస్థ' ఏర్పడింది. అంత పేరుకి నోరు తిరక్క జనం దాన్ని ముందస్తు ఆఫీసు అన్నారు. ప్రతి జిల్లా ఏడు రోజుల్లో పన్నెండు స్థలాల జాబితా పంపాలి. 'మా జిల్లాలో లేవు' అని రాయకూడదు. రాసినవాళ్ళ మీద చర్య ఉంటుంది.

ఈ గొడవేదీ చినగెడ్డవలసలో పిండిమర నడుపుకునే బోణం వరహాలమ్మకి తెలీదు. ఆవిడకి తెలిసింది మర. ఇరవై ఆరేళ్ళుగా ఆవిడ చేతి మీదే అది తిరుగుతోంది. చోళ్ళు, అదే రాగులు, ఎంత సన్నంగా పడుతున్నాయో, పసుపుకొమ్ములకి రాళ్ళు ఎంత దగ్గర చెయ్యాలో చప్పుడు విని చెప్పగలదు. ఊరందరి కారమూ ఫాల్గుణ, చైత్ర మాసాల్లో అక్కడే ఆడాలి. ఆ రెండు నెలలే మరకి పంట. ఆ రెండు నెలలూ తప్పిపోతే జనం బైపాసు రోడ్డు మీద కొత్తగా పెట్టిన మరకి అలవాటు పడిపోతారు. ఇల్లాలు ఒకసారి మర మార్చిందంటే మళ్ళీ వెనక్కి రాదని వరహాలమ్మకి బాగా తెలుసు.

ఫాల్గుణం మొదలైన మూడో రోజున ఇద్దరు మనుషులొచ్చి మర తలుపు మీద ఒక కాగితం అంటించి పోయారు. చదవమని మేడ మీద గదిలో అద్దెకుంటున్న చంద్రమౌళిని పిలిచింది. లెక్కల ట్యూషన్లు చెప్పుకునే కుర్రాడు, ముప్ఫై దాటాయి, పెళ్ళి కాలేదు, మంచివాడు.

మౌళి గొంతు సవరించుకుని చదివాడు. "ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, చినగెడ్డవలసయందు పిండిమర అను నిర్మాణములో సమీప భవిష్యత్తున మార్మిక శక్తి ఉద్భవించునని ఆశించబడుచున్నది. కావున సదరు స్థలమును ద్వితీయ శ్రేణి, మానసిక విభాగమునందు చేర్చడమైనది. సదరు శక్తికి భయము, విసుగు, చికాకు కలిగించు సమస్త కార్యకలాపములను తక్షణము నిలుపుదల చేయవలెను."

"అంటే ఏటి బాబూ?"

"మర ఆపెయ్యాలి పిన్నీ."

"ఆపీసి?"

"శక్తి కోసం ఎదురు చూడాలి."

"ఎన్నాళ్ళు?"

మౌళి కాగితం అంచు ఎత్తి వెనక చూశాడు. అక్కడేమీ లేదు. అప్పుడు కింద వివరణ కనబడింది. అది చదువుతూ చదువుతూ ఆగిపోయాడు. మొహం తెల్లబోయింది. "పిన్నీ, ఇది నా రాతే!"

"నీ రాతేటి? కింద ముద్దర గవర్మెంటుది కాదేటి?"

ముద్ర ప్రభుత్వానిదే, రాత మాత్రం మౌళిదే. ఆదివారం మధ్యాహ్నాలు ముగ్గురు స్నేహితులొచ్చి అతని గదిలో ఒక ఆట ఆడతారు. కూర్చున్న చోటు నుంచి కదలకుండా కొండలెక్కి రాక్షసుల్ని చంపే ఆట. ఒకడు మాంత్రికుడు, ఒకడు విలుకాడు, ఒకడు దొంగ, మౌళి కథ నడిపేవాడు. ఇరవై మొహాల పాచిక దొర్లించి, పడిన అంకెని బట్టి చచ్చిందెవరో, బతికిందెవరో తేలుస్తారు. ఆ ఆటకి మంత్రాల మీదా మనశ్శక్తుల మీదా కొత్త పుస్తకం రాబోతోందని విదేశంలో దాన్ని తయారుచేసేవాళ్ళు ప్రకటించారు. ఇక ఆడేవాళ్ళంతా ఆ కల్పిత లోకంలో కొత్త మంత్రస్థలాలు ఎక్కడెక్కడ ఉంటాయోనని ఇంటర్నెట్‌లో ఊహలు రాయడం మొదలుపెట్టారు. మౌళి కూడా రాశాడు. తమ ఆటలో ఆ లోకానికి పటం కావాల్సివచ్చి వాళ్ళు సొంత ఊరి పటాన్నే వాడుకున్నారు కాబట్టి, ఏ చోటుకి ఆ చోటు ఊరి గుర్తులు కూడా పెట్టాడు. శీర్షిక 'రాబోయే మంత్రస్థలాలు: ఒక అంచనా.' మొత్తం పన్నెండు.

ఏడు రోజుల గడువులో ఆరు రోజులు టీ తాగి గడిపిన ముందస్తు ఆఫీసు గుమాస్తాకి ఏడో రోజున ఆ పన్నెండూ కంటబడ్డాయి. వెతకబోయిన తీగ కాలికే తగిలింది.

"అందులో నా మర గురించి ఏటి రాసినావు?"

మౌళి గొణిగాడు. "గర్జించే గుహ. లోపల ఏళ్ళ తరబడి ఒక శక్తి గర్జిస్తుంటుంది. ఎర్రటి ధూళి లేచినప్పుడు దగ్గరకొచ్చిన జీవులు ఏ దుఃఖమూ లేకుండానే కన్నీరు కారుస్తాయి."

"కారం ఆడిత్తే కళ్ళంట నీళ్ళు రావేటి? దానికి ఇంత రాయాలా?" అంది వరహాలమ్మ. అంతలో ఆవిడకో సంగతి గుర్తొచ్చింది. పది రోజుల కిందట తెల్లచొక్కా ఆయనొకడు, ఎవరో ముందే తెచ్చిన కారం ఆడుతున్న వేళకి వచ్చి, గుమ్మంలో నిలబడి, బొటబొటా కన్నీళ్ళు కార్చి, పుస్తకంలో ఏదో రాసుకుని పోయాడు. పాపం ఇంట్లో ఏం కష్టమొచ్చిందో అని ఆవిడ మంచినీళ్ళు కూడా ఇచ్చింది. ఆయన క్షేత్రస్థాయి తనిఖీకి వచ్చిన మనిషన్నమాట. అది ఇప్పుడు తెలిసింది.

మర్నాడు ఇద్దరూ జిల్లా కేంద్రానికి బస్సెక్కారు. ముందస్తు ఆఫీసు ఒక పాత భవనం. అందులో ఉప సంచాలకులు చిత్తరంజన్ గారు. మాట కూడా ఫైల్లోంచి తీసి చదువుతున్నట్టే ఉంటుంది ఆయనది.

"సార్, అది ఆట. నేను ఊహించి రాసింది," అన్నాడు మౌళి.

"ఊహించుటయే మా సంస్థ యొక్క ప్రధాన విధి. తమరు ఊహించినారు. మేము ధ్రువీకరించినాము. ఇందు విభేదమేమున్నది?"

"అక్కడ శక్తీ లేదు, గిక్తీ లేదు సార్."

"లేదు గనుకనే ముందస్తుగా గుర్తించినాము. ఉన్నచో అది వేరొక శాఖ పరిధిలోనికి పోవును."

వరహాలమ్మ కొంగు నడుముకి బిగించింది. "బాబూ, తవరు పెద్దోరు. నాను పిండాడించుకుని బతికేదాన్ని. కారాల రోజులు. ఈ రెండు నెల్లూ మర తిరక్కపోతే నా మర నాది కాకుండా పోతాది. నాకే అబ్యంతరముందనీసి రాసుకోండి."

"అభ్యంతరములకు తొమ్మిదవ నమూనా కలదు. అందు సంబంధిత పక్షములన్నియు సంతకము చేయవలెను. తమరు ఒక పక్షము, సంస్థ ఒక పక్షము, శక్తి ఒక పక్షము."

"పుట్టని శక్తి సంతకమెలగ పెడతాది బాబూ?"

"హాజరు కానిచో దానికి అభ్యంతరము లేనట్లు పరిగణింపబడును," అన్నారు చిత్తరంజన్ గారు ప్రేమగా. చివర్లో మౌళిని 'గౌరవ మార్మిక భూగోళ నిపుణుడు'గా నియమించి, అతని ఇరవై మొహాల పాచికని సాంకేతిక పరికరంగా స్వాధీనం చేసుకుని రసీదు ఇచ్చారు. ఆ వారం నుంచి ఆఫీసులో ఫైళ్ళ మీద నిర్ణయాలు కాస్త వేగంగా వెలువడ్డాయని వినికిడి.

మర ఆగింది. ఊళ్ళో ఆడవాళ్ళు వారం రోజులు ఓపిక పట్టారు. "ఓలమ్మ, వరాలప్పా, ఇంకెన్నాల్లే? మిరపకాయలు మెత్తబడిపోతన్నాయి," అని గౌరమ్మ అనే పాత ఖాతాదారు వచ్చి అడిగింది. ఏం చెబుతుంది? "శక్తి వచ్చేదాకా" అంటే నవ్విపోతారు. మిల్లు గడప మీద కూర్చుని, మిరపకాయల సంచులు తలకెత్తుకుని బైపాసు వైపు పోయే మనుషుల్ని చూస్తూ వరహాలమ్మ తిట్టని తిట్టు లేదు. మౌళిని తిట్టింది, ఆటని తిట్టింది, ఆ పుస్తకం అచ్చేసేవాళ్ళ ఏడు తరాల్ని తిట్టింది. మధ్యాహ్నానికి మళ్ళీ మౌళికి అన్నం పెట్టింది. ఏడుపొస్తే ఏడ్చింది కూడా.

పదహారో రోజున తపాలాలో ఒక రిజిస్టరు ఉత్తరం వచ్చింది. చిరునామా: శ్రీ / శ్రీమతి / కుమారి శక్తి, కేరాఫ్ పిండిమర, చినగెడ్డవలస. సంతకం ఎవరు పెట్టాలో తెలీక పోస్టుమాను తల గోక్కున్నాడు. ఆఖరికి వరహాలమ్మ వేలిముద్ర వేసి తీసుకుంది.

'తమరు ఇరువదియారు ఏండ్లుగా గర్జించుచున్నట్లు సంస్థ రికార్డులలో కలదు. ఐతే గత పదిహేను దినములుగా తమరు గర్జించుట లేదని తనిఖీలో తేలినది. ముందస్తు అనుమతి లేకుండా మౌనము వహించినందుకు తమపై ఏల చర్య తీసుకొనరాదో వారము దినములలో సంజాయిషీ ఇవ్వవలెను.'

దాని వెనకే వరహాలమ్మకి ఇంకో కాగితం: శక్తిని నోరెత్తకుండా చేసిందన్న అనుమానం మీద ప్రాథమిక విచారణ. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే.

"మోటారు ఆపితే అది గర్జించదు సార్!" అని మౌళి ఫోనులో మొత్తుకున్నాడు. "ఆ గర్జన మరదే."

చిత్తరంజన్ గారు బుద్ధిమంతుడు, విషయం చటుక్కున గ్రహించారు. "అనగా మోటారుకును శక్తికిని కార్యకారణ సంబంధము కలదని తమరు నిపుణుని హోదాలో ధ్రువీకరించుచున్నారు. వ్రాసి పంపుడు."

నాలుగు రోజుల్లో కొత్త ఉత్తర్వు వచ్చింది. శక్తి ఉనికిని నిలబెట్టడానికి మరని రోజూ ఉదయం పది నుంచి ఒంటిగంట దాకా తిప్పాలి. అయితే మరలో ఏమీ వెయ్యకూడదు. ఏమైనా వేస్తే అది వ్యాపారమవుతుంది. తిప్పేది సంస్థ మనిషి. ఆ మనిషికి రాజధానిలో మూడు రోజుల శిక్షణ, తెర మీద బొమ్మలతో, ఇచ్చి పంపారు. అతని జేబుకి పేరు రాసిన బిళ్ళ కూడా ఉంది.

వట్టి మర తిరగడం వినేసరికి వరహాలమ్మ గుండె తరుక్కుపోయింది. "ఒరే నాయనా, ఉత్తి మర తిప్పకురా! రాళ్ళూ రాళ్ళూ రాసుకుని అరిగిపోతాయిరా! రెండు గుప్పిళ్ళు నూకలైనా పొయ్యిరా!" అని అరిచింది. మరతిప్పే అధికారి ఆమెని గీత అవతలికి జరిపాడు. నేల మీద పసుపు రంగుతో గీత గీశారు అప్పటికే. తన మరకి తను పరాయిదైపోయింది. గీత ఇవతల కూర్చుని రాళ్ళు అరిగే చప్పుడు మూడు గంటలు వింది. ఎవరైనా బిడ్డని కొడుతుంటే చూస్తూ కూర్చున్నట్టుంది ఆవిడకి.

ఉగాది ముందు రాజధాని నుంచి కమిషనర్ మేడమ్ తనిఖీకి వస్తున్నారని తెలిసింది. ఆవిడకి మార్మికమంటే ప్రాణం. గోడ మీద బల్లి అరిచినా తారీఖు వేసి రాసుకుంటారు. చిత్తరంజన్ గారి కాళ్ళు నేల మీద నిలవలేదు. గర్జన ఉంది సరే, ఎర్రధూళి ఏదీ? కన్నీరేదీ? వెంటనే సంస్థ తరఫున పాతిక కిలోల మిరపకాయలు తెప్పించారు. అది వ్యాపారం కాదు, ధూళి ఉత్పాదన. ఆ తరవాత శక్తికి నైవేద్యం కూడా ఉంటే బాగుంటుందని తోచి, నానబెట్టిన బియ్యం అదే మరలో ఆడించి చలిమిడి చేయించమన్నారు.

ఇది విని వరహాలమ్మ గీత దాటి పరిగెత్తుకొచ్చింది. "కారం ఆడీసినాక ఊరికే బియ్యం పొయ్యకూడదు బాబూ! ముందు నూకలు పోసి రాళ్ళు కడగాల. రెండుసార్లు కడగాల. లేపోతే పిండంతా కారమే!"

మరతిప్పే అధికారి తన శిక్షణ పుస్తకం తిరగేశాడు. "కడగడం గురించి ఇందులో లేదండీ," అన్నాడు వినయంగా.

కమిషనర్ మేడమ్ వచ్చారు. మర గర్జించింది. ఎర్రధూళి లేచింది. మేడమ్ కళ్ళలోంచి ధారాపాతంగా నీళ్ళు కారాయి. "చిత్తరంజన్ గారూ, ఇక్కడ ఏదో ఎనర్జీ ఉంది. నాకు ఏ కారణమూ లేకుండా ఏడుపొస్తోంది. చిన్నప్పటి దుఃఖమేదో కరిగిపోతున్నట్టుంది," అన్నారు గద్గదంగా. చిత్తరంజన్ గారు కూడా ఏడుస్తూనే వెండిపళ్ళెంలో చలిమిడి అందించారు. మేడమ్ కళ్ళకద్దుకుని ఒక ముద్ద నోట్లో వేసుకున్నారు.

మొదట ఏమీ కాలేదు. తరవాత ఆవిడ మొహం ఎర్రబడింది. చెవులు ఎర్రబడ్డాయి. నోరు తెరిచారుగానీ మాట రాలేదు. బిందెడు నీళ్ళు తాగినా మంట చల్లారలేదు. పక్కనున్న ముగ్గురు అధికారులు కూడా మర్యాద కొద్దీ తిని ఉన్నారు కాబట్టి వాళ్ళూ ఎగిరెగిరి గంతులేశారు. గీత ఇవతల గౌరమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వాపుకోలేక గోడకి ఆనుకుంది. మౌళి మాత్రం ఇక పీడ వదిలిందనుకున్నాడు. ఇంత పరాభవం జరిగాక ఎవరైనా ఈ మర వైపు చూస్తారా?

అదీ మౌళి అమాయకత్వం. అరగంటకి మాట వచ్చాక కమిషనర్ మేడమ్ అన్న మొదటి మాట: "బెల్లం కలిపిన పిండి నాలుక మీద నిప్పయింది! ఇది సామాన్యమైన శక్తి కాదు. ఉగ్రశక్తి. దీన్ని వెంటనే ప్రథమ శ్రేణికి పెంచండి!"

ప్రథమ శ్రేణి అంటే పూర్తి స్వాధీనం. పదిహేను రోజుల్లో వరహాలమ్మ మర ఖాళీ చెయ్యాలి. మేడ మీద మౌళి కూడా. ఆ కాగితం చేతిలో పట్టుకుని ఆవిడ అరుగు మీద కూలబడిపోయింది.

"ఇరవయ్యారేళ్ళు బాబూ," అంది. "మా ఇంటాయన పోయినప్పుడు కూడా నాను ఇలగ కూలబడనేదు. మరుంది కదా అనుకున్నాను. ఇప్పుడేటుంది?"

మౌళికి తల ఎత్తబుద్ధి కాలేదు. ఆ రాత్రంతా ప్రథమ శ్రేణి నియమావళి ముందేసుకుని, తన ఆట పుస్తకాలు చదివినంత శ్రద్ధగా చదివాడు. పొద్దున్నే దిగి వచ్చాడు.

"పిన్నీ, ప్రథమ శ్రేణి స్థలానికి ఒక మాధ్యమం ఉండాలట. అంటే శక్తి ఎవరి నోటితో మాట్లాడుతుందో ఆ మనిషి. శక్తితో ఇరవై ఏళ్ళ సాహచర్యం ఉన్నవాళ్ళే దానికి అర్హులు. ఈ జిల్లాలో అలాంటి మనిషి నువ్వొక్కత్తివే. శక్తి చెప్పిందే ఆఖరి మాట. దాని మీద అప్పీలు కూడా లేదు."

"అయితే?"

"నువ్వు చెప్పిందే శక్తి చెప్పినట్టు. ఏం చెప్పాలో ఆలోచిద్దాం."

"అబద్దమాడమంటావేటి? తూకంలో ఏనాడూ గింజ తగ్గించనిదాన్ని. శక్తి పూనినట్టు ఊగమంటే నావల్ల కాదు."

"ఊగకు. వాళ్ళడిగినదానికి నీకేం అనిపిస్తే అదే చెప్పు."

చిత్తరంజన్ గారికి ఆ పదవి తమకే దక్కాలని ఉండింది. కానీ నియమావళిని స్వయంగా తామే రాశారు. చేసేది లేక వరహాలమ్మని మాధ్యమంగా నియమిస్తూ సంతకం పెట్టారు. కమిషనర్ మేడమ్ ఈసారి చలిమిడి వద్దని ముందే కబురుచేసి, పెద్ద పరివారంతో వచ్చారు. మర ముందు కుర్చీలు వేశారు. వరహాలమ్మని పసుపు గీత లోపలికి రానిచ్చారు. నెల దాటాక మొదటిసారి ఆవిడ మర మీద చెయ్యి వేసింది. చల్లగా ఉంది. అరిగిన రాళ్ళు వేలికి తగిలాయి. కోపం కాళ్ళలోంచి నెత్తికెక్కింది.

చిత్తరంజన్ గారు లేచి ఫైలు తెరిచారు. "ఓ శక్తీ! సదరు స్థలమునందు తమరికి కల్పించబడిన సౌకర్యములు సంతృప్తికరముగా నున్నవా?"

"ఏటి సంతుప్తి?" అంది వరహాలమ్మ. "సుకంగా పన్జేసుకునేదాన్ని పట్టుకుని కూకోబెట్టీసినారు. కూకున్నదాన్ని పట్టుకుని ఎందుకు అరవనేదనీసి కాయితం రాసినారు. అరిత్తే ఉత్తినే అరిపించినారు. ఒళ్ళరిగిపోనాది. ఇక్కడ నన్ను పని సెయ్యనిచ్చీది నేదు, ఊరుకోనిచ్చీది నేదు. ఇలగైతే నానిక్కడుండను."

కుర్చీల్లో కలకలం రేగింది. "ఉండదా? వెళ్ళిపోతుందా? కేంద్రానికి రాసేశామే!" అన్నారు కమిషనర్ మేడమ్.

చిత్తరంజన్ గారు ముప్ఫై ఏళ్ళ సర్వీసు మనిషి. ఇలాంటి గోడు ఎక్కడ విన్నా ఆయనకి ఒకటే అర్థమవుతుంది. "మేడమ్, ఇది బదిలీ అభ్యర్థన," అన్నారు మెల్లగా.

అందరి మొహాలూ తేటపడ్డాయి. బదిలీ అంటే తెలిసిన విషయం.

"ఎటువంటి స్థలమును కోరుచున్నారు?" అని అడిగారు చిత్తరంజన్ గారు కలం పట్టుకుని.

వరహాలమ్మ ఆలోచించింది. శక్తి గొడవ ఆవిడకి తెలీదు. కానీ ఈ నెలరోజులూ ఏం కోరుకుందో తెలుసు. "ఏ పనీ జరగని సోటుకి పంపీయండి. ఎక్కడెట్టిన వస్తువు అక్కడే ఉండాల. దుమ్ము కూడా కదలకూడదు. ఏళ్ళ తరబడి మడిసి పలక్కుండా, ఉలక్కుండా కూకునే సోటు ఏదన్నుంటే, మీ శక్తిని అక్కడెట్టుకోండి. నా మర నాకొగ్గీయండి."

చిత్తరంజన్ గారు ఒక్కొక్కటీ రాసుకున్నారు. నిశ్చలత. ధూళి స్థిరత్వము. వస్తువులు దీర్ఘకాలము స్థానము మారకుండుట. మానవులు సమాధి స్థితిలో నుండుట. రాసినదాన్ని పైకి చదివారు. కమిషనర్ మేడమ్ ఆయన మొహంలోకి చూశారు. ఆయన వెనక నిలబడ్డ గుమాస్తా ఉత్సాహం పట్టలేక అననే అన్నాడు: "మన ఆఫీసే కదండీ సార్!"

ఎవరూ నవ్వలేదు. మేడమ్ మొహం వెలిగిపోయింది. అన్ని లక్షణాలూ ఉన్న స్థలం జిల్లాలో సంస్థకి సొంతంగా ఉండటం అదృష్టమన్నారు. శక్తి మాట మీద అప్పీలు లేదు కాబట్టి ఆ సాయంత్రానికే ఉత్తర్వు టైపయింది. ముందస్తు ఆఫీసు భవనం ప్రథమ శ్రేణి మార్మిక స్థలం. శక్తికి భయమూ విసుగూ చికాకూ కలిగించే సమస్త కార్యకలాపాలూ తక్షణం నిలుపుదల. తలుపులకి సీలు వేసి, గేటు ముందు పసుపు గీత గీశారు.

ఎనిమిది రోజులైనా మరని వదిలేసినట్టు వరహాలమ్మకి కాగితం రాలేదు. తొమ్మిదో రోజున బస్సెక్కి జిల్లా కేంద్రానికి వెళ్ళింది. గీత ఇవతల, ఎండలో, టీకొట్టు దగ్గర ఆఫీసు మొత్తం నిలబడి ఉంది. డ్యూటీకి రాకపోతే జీతం కోత, లోపలికి వెళితే నియమోల్లంఘన. చిత్తరంజన్ గారు నెత్తిన రుమాలు వేసుకుని గోడ నీడ కోసం జరుగుతూ ఉన్నారు. తొమ్మిది రోజులకే మనిషి వాడిపోయాడు.

"నా మర కాయితమేదీ బాబూ?"

"సిద్ధముగానే ఉన్నది. నా మేజా మీద కలదు. సంతకము, ముద్ర మిగిలినవి."

"అయితే పెట్టీయండి."

"ముద్ర లోపలి అల్మారాలో నున్నది. లోనికి ప్రవేశము నిషిద్ధము." ఆయన గొంతులో మొదటిసారి కాగితం కాని మాట పలికింది. "నా కళ్ళజోడు కూడా లోపలే ఉండిపోయిందమ్మా."

వరహాలమ్మకి ఆ మాట వినేసరికి కాస్త జాలేసింది. అయినా అడగాల్సింది అడిగింది. "సరే బాబూ. కాయితం నేకుండా నాను మర ఆడించీసినాననుకోండి. ఆపమనీసి ఎవులు రాత్తారు?"

"నేనే వ్రాయవలెను."

"ఎక్కడ కూకుని?"

ఆయన సీలు వేసిన తలుపుల వైపు చూశారు. చాలాసేపు చూశారు. నెత్తి మీది రుమాలు సర్దుకున్నారు.

వరహాలమ్మ వచ్చిన బస్సుకే వెనక్కి వెళ్ళిపోయింది. చైత్రంలో ఇంకా పన్నెండు రోజులున్నాయి. ఆ మధ్యాహ్నమే మౌళి సాయంతో రాళ్ళు విప్పి, అరిగిన చోట గంట్లు కొత్తగా కొట్టించి, మళ్ళీ బిగించింది. తలుపు మీది నోటీసు జోలికి పోలేదు. పసుపు గీత మీద తన ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది. మర్నాడు పొద్దున్న ఆరింటికి మోటారు వేసింది. ఆ చప్పుడు వీధి చివరి దాకా వినబడగానే గౌరమ్మ పరిగెత్తుకొచ్చింది. బైపాసు మర కారం ముతకగా ఉంటోందని తిట్టుకుంటూ నలుగురొచ్చారు, నలుగురి వెనక నలభై మంది వచ్చారు. మనుషులు నిలబడలేక ఎవరి డబ్బా వాళ్ళు వరసలో పెట్టి నీడకి పోయారు. డబ్బాల వరస వీధి మలుపు దాటింది. వరహాలమ్మ చెవి మర చప్పుడు మీద ఉంచి, నోటితో అందర్నీ కసురుతూ, మొహమంతా నవ్వుతో ఉంది.

నాలుగో రోజు పదకొండింటికి చిత్తరంజన్ గారు వచ్చారు. చేతిలో కాగితం లేదు. స్టీలు డబ్బా ఉంది, నిండా మిరపకాయలతో. హాజరు వేయించుకుని గేటు ముందు ఊరికే నిలబడటమే కదా అని ఇల్లాలు పంపిందట. ఆయన అలవాటుగా నడుచుకుంటూ వెళ్ళి డబ్బాని అన్నిటికన్నా ముందు పెట్టారు.

వరహాలమ్మ లేచింది. ఆ డబ్బా అందుకుని, వరస పక్కనే నడుచుకుంటూ వీధి మలుపు దాకా వెళ్ళి, ఆఖర్న పెట్టి వచ్చింది.

"అక్కడ పెట్టితిరా?" అన్నారాయన దిగాలుగా. "దాని వంతు ఎప్పటికి వచ్చును?"

"కంగారు పడకండి బాబూ," అంది వరహాలమ్మ. "ఇది ఆపీసు కాదు. ఇక్కడ వరస కదుల్తాది."